చీరల షాపుకి సొంత వెబ్‌సైట్: పేజీ డిజైన్ నుంచి ఫొటోలు, వీడియోలు, గూగుల్ సెర్చ్ దాకా

వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో చీరలు అమ్మేవాళ్ళు ఇప్పుడు వీధికి నలుగురున్నారు, చాలామందికి వ్యాపారం బానే నడుస్తుంది కూడా. మరి వెబ్‌సైట్ ఎందుకూ అంటే, వాట్సాప్ స్టేటస్ 24 గంటలకి పోద్ది, ఇన్‌స్టా పోస్ట్ రెండ్రోజుల్లో ఎక్కడో కిందకెళ్ళిపోద్ది. అదే చీర గురించి పద్ధతిగా రాసి పెట్టిన పేజీ ఉంటే ఆర్నెల్ల తర్వాత కూడా హ్యూస్టన్‌లో ఉన్నావిడ ఎవరో "మంగళగిరి కాటన్ శారీ నిజాం బోర్డర్" అని కొట్టినప్పుడు దొరికే అవకాశం ఉంటది. ఆ దొరకడం కోసం ఏం చెయ్యాలన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ఉదాహరణకి మంగళగిరి చేనేత చీరలమ్మే చిన్న షాపు అనుకుందాం. ఓ 40 చీరలు, ఒక ఫోను, ఒక పాత లాప్‌టాప్, పెద్ద బడ్జెట్ ఏం లేదు. మీది పచ్చళ్ళైనా, ట్యూషన్ సెంటరైనా పద్ధతి ఇదే. ఒక్క మాట ముందే చెప్తున్నా, మనవాళ్ళ సైట్లలో ఎక్కువ శాతం చెడేది డిజైన్ తెలీక కాదు, ఫొటోలు మరీ బరువుగా పెట్టి, చెప్పాల్సిన మాటల్ని కూడా ఫొటోల్లోనే పోస్టర్లుగా ఇరికించేసి. అందుకే ఆ రెండిటి మీద ఎక్కువసేపు ఉంటాను.

1. లాప్‌టాప్ తెరవకముందు

కాయితం తీసుకోండి. వాట్సాప్‌లో కస్టమర్లతో నడిచిన చాట్లు పైకి తిప్పుకుంటూ వాళ్ళు ఏమేం అడుగుతున్నారో రాస్కోండి. బ్లౌజ్ పీస్ వస్తుందా, రంగు పోద్దా, ఉతికాక ముడుచుకుంటుందా, హైదరాబాద్‌కి ఎన్ని రోజులు, సీఓడీ ఉందా, అమెరికా పంపిస్తారా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. ఈ ప్రశ్నల జాబితానే మీ సైట్. వీటికి జవాబులుండాల్సిన చోట "వెల్కమ్ టు అవర్ వెబ్‌సైట్" అని రెండు పేరాలు రాస్తే ఎవరూ చదవరు.

పేజీలు ఎక్కువొద్దు. హోమ్, చీరలన్నీ వరసగా కనిపించే పేజీ, ఒక్కో చీరకి ఒక్కో పేజీ, మా గురించి, డెలివరీ రిటర్న్స్, అడ్రస్ ఫోన్ నంబర్. అంతే. ఒక్కో చీరకి విడిగా పేజీ అన్నది మాత్రం వదలొద్దు, 40 చీరల్నీ ఒకే పేజీలో గుట్ట పోస్తే గూగుల్‌కి ఏ చీర గురించి వెతికినోళ్ళకి ఏం చూపించాలో తెలీదు, వాట్సాప్‌లో "ఇదిగో ఈ చీర" అని లింక్ పంపడానికి మీకూ ఉండదు.

2. డొమైన్, హోస్టింగ్

డొమైన్ అంటే మీ సైట్ పేరు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్ళు ఉండే చోటు. పేరు డాట్ కామ్ దొరికితే అది, లేకపోతే డాట్ ఇన్. పేరు ఫోన్లో చెప్తే అవతలివాళ్ళు స్పెల్లింగ్ అడక్కుండా టైప్ చెయ్యగలగాలి. మొదటి ఏడాది రేటు చూసి కొనెయ్యకండి, రెన్యువల్ రేటు ఎంతో చూడండి, అసలు కథ అక్కడుంటది.

డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్ ఐడీతో, మీ కార్డుతోనే కొనండి. సైట్ చేసిపెట్టే అబ్బాయి "నేను చూస్కుంటా అన్నా" అని తన అకౌంట్లో కొంటాడు, రెండేళ్ళకి అతను ఉద్యోగమొచ్చి బెంగుళూరు వెళ్ళిపోతాడు, ఫోనెత్తడు, మీ షాపు పేరు అతని దగ్గరుండిపోద్ది. అతను మంచోడే కావచ్చు, అయినా సరే.

హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్ళకీ మధ్య నడిచే సమాచారాన్ని తాళమేసి పంపే పద్ధతి) తప్పనిసరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ సర్టిఫికెట్ ఫ్రీగా వస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీలు ఒక్క బటన్‌తో పెట్టేస్తాయి. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఇది లేని సైట్లన్నిటికీ పైన "నాట్ సెక్యూర్" అని చూపిస్తుంది, అది చూసి ఎవరు డబ్బులు కడతారు చెప్పండి.

దేంతో కట్టాలంటే, నేనైతే వర్డ్‌ప్రెస్ (కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే సాఫ్ట్‌వేర్), దానికి వూకామర్స్ (దానికి తగిలించే దుకాణం భాగం) అంటాను. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకునే ఏర్పాటు), స్టాక్ లెక్క ఇవన్నీ తలనొప్పి అనుకుంటే మొదట్లో చీర పేజీలో వాట్సాప్ బటన్ పెట్టి ఆర్డర్లు అక్కడే తీస్కోండి. నెలకి ఎన్ని ఆర్డర్లొస్తాయో తెలిశాక కార్టు సంగతి చూడొచ్చు.

3. పేజీ ఫోనులోనే డిజైన్ చెయ్యండి

మీ కస్టమర్ చూసేది ఫోన్లోనే, గూగుల్ కూడా ఇప్పుడు ఫోన్ వెర్షన్‌నే చదివి లెక్కలేసుకుంటుంది. కాబట్టి పెద్ద స్క్రీన్ మీద అందంగా సర్దుకుని తర్వాత ఫోన్‌కి కుదించే పని పెట్టుకోవద్దు, ఫోన్ సైజులో సర్ది తర్వాత పెద్దది చెయ్యండి.

వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని ఫోన్ వెడల్పుకి సర్దమని బ్రౌజర్‌కి చెప్పే కోడ్ లైను) ఉందో లేదో చూస్కోండి. కొత్త థీముల్లో, అంటే రెడీమేడ్ డిజైన్లలో ఉంటది, ఎవరో చేతితో రాసిన పాత టెంప్లేట్ అయితే ఉండకపోవచ్చు. అది లేకపోతే ఫోన్ మీ పేజీని దాదాపు 980 పిక్సెల్స్ వెడల్పున్న కంప్యూటర్ పేజీ అనుకుని చూపిస్తుంది, అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, పాపం రెండు వేళ్ళతో లాక్కుని చదవాలి.

అక్షరం సైజు 16 పిక్సెల్స్‌కి తగ్గొద్దు, తెలుగైతే 17, 18 ఇంకా మంచిది. బటన్ ఎత్తు 48 పిక్సెల్స్ దాకా ఉంటే బొటనవేలికి సరిగ్గా తగులుద్ది. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, ఇది కొలిచే కాంట్రాస్ట్ చెకర్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంటాయి. గోధుమరంగు మీద బంగారు రంగు అక్షరాలు మీ లాప్‌టాప్‌లో రాయల్‌గా ఉంటాయి, మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబడి చూసేవాళ్ళకి ఖాళీ పేజీలాగే ఉంటది.

హోమ్ పేజీలో వాటంతటవే జరిగిపోయే పెద్ద పెద్ద ఫొటోలు, అదే స్లైడర్, నాకు అస్సలు నచ్చదు. ఐదు ఫొటోలు లోడవ్వాలి, రెండోది వచ్చేలోపు మనిషి కిందకి వెళ్ళిపోతాడు. ఒక్క మంచి ఫొటో, కింద షాపు ఏంటో ఒక లైను, ఆ కింద చీరలు. చాలు.

వాట్సాప్ బటన్‌కి క్లిక్ టు చాట్ లింకులో నంబర్ పెట్టేటప్పుడు ముందు 91, తర్వాత పది అంకెలు, అంతే. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. అదే లింకులో "ఈ చీర కావాలి, కోడ్ 112" అన్న మెసేజ్ ముందే నింపి పెట్టొచ్చు, ఏ చీర అండీ అని మీరు మళ్ళీ అడిగే పని తప్పుద్ది.

4. తెలుగు అక్షరాల సంగతి

ఇది ఇంగ్లీష్ గైడ్లలో దొరకదు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

డీటీపీ షాపులో టైప్ చేయించిన మేటర్ చాలావరకు అను ఫాంట్లలో ఉంటది. అది యూనికోడ్ (ఫోన్లు, బ్రౌజర్లన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, తెలుగు ఆకారం తొడుక్కున్న ఇంగ్లీష్ అక్షరాలు. దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చి గీతలొస్తాయి, అలా అని దాన్నే ఇమేజ్ చేసి పెడితే గూగుల్ దృష్టిలో అక్కడ రాత ఉన్నట్టు కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, అంకెలు ఒకసారి కళ్ళతో చూస్కోండి, అక్కడే తేడాలొస్తాయి. లేదా ఫోన్లో జీబోర్డ్‌తో మళ్ళీ కొట్టుకోండి, వాయిస్ టైపింగ్ కూడా ఇప్పుడు బానే పట్టుకుంటుంది.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా చాలా ఉన్నాయి. చదివే రాతకి నోటో శాన్స్ తెలుగు, అనెక్ తెలుగు లాంటివి సేఫ్, సన్నం నుంచి లావు దాకా అన్ని బరువుల్లో వస్తాయి. రామభద్ర లాంటివి హెడ్డింగులకి బాగుంటాయి. మండలి చూడ్డానికి ముచ్చటగా ఉంటది గానీ ఒక్క బరువులోనే ఉంది, దానికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే దొంగ బోల్డ్ తయారుచేసి అక్షరాల గుండ్రాలు పూడ్చేస్తుంది. ఇటాలిక్ అసలు వాడొద్దు, తెలుగు అక్షరం వంగితే పడిపోతున్నట్టుంటది. ఒక సైట్‌కి రెండు ఫాంట్లు మించొద్దు, ప్రతి ఫాంటూ డౌన్‌లోడ్ అవ్వాల్సిందే కదా.

లైన్ల మధ్య ఖాళీ, అంటే లైన్ హైట్, ఇంగ్లీష్‌కి 1.4, 1.5 సరిపోద్ది గానీ తెలుగుకి 1.7 దగ్గర పెట్టండి. లేకపోతే పై లైనులో "స్త్రీ"కి కిందున్న ఒత్తులు, కింద లైనులో "కీ"కి పైనున్న గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. జస్టిఫై (లైన్లని రెండు అంచులకీ సమానంగా సర్దడం) కూడా తీసెయ్యండి, మన పదాలు పొడుగు, ఫోన్ వెడల్పులో లైనుకి మూడు పదాలు పట్టి మధ్యలో పెద్ద పెద్ద సందులొస్తాయి, ఎడమకి సర్దితే చాలు. పేజీ భాష తెలుగు అని పేజీ కోడ్‌లో ఉండే లాంగ్ ట్యాగ్‌లో చెప్పాలి, చూపు లేనివాళ్ళు వాడే టాక్‌బ్యాక్ లాంటివి దాన్ని చూసే ఏ గొంతుతో చదవాలో తేల్చుకుంటాయి.

5. ఫొటోలు తియ్యడం

డీఎస్‌ఎల్‌ఆర్ అక్కర్లేదు. ఫోన్ లెన్స్ మీద వేలిముద్రలుంటాయి, ముందు మెత్తటి గుడ్డతో తుడవండి, సగం మసక అక్కడే పోద్ది. ఉదయం పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుగులో తియ్యండి. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ వంకాయరంగవుద్ది, పసుపు పచ్చ ఆకుపచ్చలోకి పోద్ది, తర్వాత "ఫొటోలో ఒక రంగు, వచ్చింది ఇంకో రంగు" అని పార్శిల్ వెనక్కొస్తుంది. ఫ్లాష్ వద్దు. జరీ అంచుకి మాత్రం వెలుగు పక్కనుంచి పడాలి, ఎదురుగా పడితే తెల్లగా మెరిసి అంచులో పనేంటో కనపడదు. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు ఆపెయ్యండి, చీరకి మేకప్ వేస్తే రిటర్న్ మీకే.

ఒక్కో చీరకి ఈ ఫొటోలు ఉండాలి: మొత్తం చీర మడతగానో కట్టుకునో, పల్లూ విప్పి, అంచు దగ్గర్నుంచి, బ్లౌజ్ పీస్, ఇంకోటి గుడ్డని వేళ్ళ మధ్య పట్టుకుని నేత ఎంత పల్చనో తెలిసేలా. ఈ చివరిది ఎవరూ పెట్టరు, షాపుకొచ్చినావిడ మొదట చేసే పని అదే, గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూడ్డం. అన్నీ ఒకే కొలతలో, నిలువుగా 3కి 4 నిష్పత్తిలో ఉంటే జాబితా పేజీ ఎగుడుదిగుడు లేకుండా వస్తుంది.

వేరే వాళ్ళ ఫొటోలు గూగుల్లోంచి తీసి పెట్టొద్దు, కాపీరైట్ సంగతి అలా ఉంచి, కస్టమర్‌కి తెలిసిపోద్ది. మీ చీర కట్టుకుని ఫొటో దిగింది ఇంట్లోవాళ్ళైనా సరే, సైట్లో పెడుతున్నానని ఒక మాట అడిగి పెట్టండి.

6. ఫొటో బరువు తగ్గించడం

ఇక్కడే సైట్లు చచ్చిపోతాయి. ఫోన్ కెమెరా ఫొటో మామూలుగా 4000 బై 3000 పిక్సెల్స్, 3, 4 ఎంబీ ఉంటది. జాబితా పేజీలో 40 చీరలు అలాగే పెట్టారనుకోండి, ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 160 ఎంబీ. చీరలు చూడ్డానికొచ్చిన మనిషి డేటాలో 160 ఎంబీ మీరు తినేశారు, అదీ పేజీ మొత్తం తెరుచుకునేదాకా ఆగితే. అవే ఫొటోలు 600 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి ఒక్కోటి 60 కేబీ చేస్తే మొత్తం 2.4 ఎంబీ, ఫోన్లో చూస్తే కంటికి తేడా తెలీదు.

లెక్క ఏంటంటే, చాలా ఫోన్లలో బ్రౌజర్ పేజీ వెడల్పుని 360 నుంచి 412 దాకా లెక్కేస్తుంది, స్క్రీన్ సాంద్రత దానికి రెండు మూడు రెట్లు. అంటే ఫోన్ స్క్రీన్ నిండా కనిపించే ఫొటోకి 1200 పిక్సెల్స్ వెడల్పు సరిపోద్ది. జాబితాలో చిన్న ఫొటోలకి 600. అంచు దగ్గర్నుంచి చూపించే ఒక్కదానికి మాత్రం 1600 పెట్టుకోండి, జూమ్ చేస్తారు.

పని ఇలా చెయ్యండి. ముందు ఫొటోని ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి కేబుల్‌తోనో డ్రైవ్‌తోనో తెచ్చుకోండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుంటే అది ఫొటోని ముందే పిండేస్తుంది, పంపక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఐఫోన్ అయితే ఫొటోలు హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో సేవ్ అవుతాయి, అవి క్రోమ్‌లో కనపడవు, కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కిందకెళ్ళి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకోండి.

తర్వాత బ్రౌజర్లో ఫొటో బరువు తగ్గించే స్క్వూష్ తెరవండి, గూగుల్ వాళ్ళదే, ఫ్రీ, ఫొటో మీ కంప్యూటర్ దాటి బయటికి పోదు. ఫొటోని అందులోకి లాగి వదలండి, రీసైజ్‌లో వెడల్పు 1200 కొట్టండి, కుడిపక్కన ఫార్మాట్ వెబ్‌పీ (తక్కువ బరువుతో ఫొటో దాచే రకం) ఎంచుకోండి, క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. మధ్యలో ఒక నిలువు గీత ఉంటది, అటూ ఇటూ జరుపుతూ ముందూ తర్వాతా పోల్చుకోవచ్చు. ఆ గీతని జరీ అంచు మీదకి తెచ్చి చూడండి. సాదా చీరలు 75లో బావుంటాయి గానీ చిన్న గళ్ళు, సన్న చారలున్నవి ముద్దగా అయిపోతాయి, వాటికి 82, 85 పెట్టండి. 100 నుంచి 200 కేబీ మధ్య వస్తే బ్రహ్మాండం. పనిలో పనిగా ఫొటోలో దాక్కున్న లొకేషన్ వివరాలు కూడా స్క్వూష్‌లో పోతాయి, ఇంట్లోంచి వ్యాపారం చేసే ఆడవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఫార్మాట్ల గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోవద్దు. చీరల ఫొటోలకి వెబ్‌పీ, సఫారీ కూడా 2020లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి చూపిస్తుంది. లోగోకి ఎస్‌వీజీ, అది లేకపోతే పీఎన్‌జీ. ఫొటోని పీఎన్‌జీలో పెట్టడం మాత్రం వద్దు, అనవసరంగా ఉబ్బుద్ది.

పేజీలో పెట్టేటప్పుడు ఇంకో రెండు చూస్కోండి. ఫొటో వెడల్పు, ఎత్తు ట్యాగ్‌లో రాసి ఉండాలి, లేకపోతే ఫొటో వచ్చేదాకా కింద రాత పైకొచ్చి, ఫొటో రాగానే ధబేల్మని కిందకి జారుద్ది, మనిషి ఒకటి నొక్కబోతే వేలు ఇంకోదాని మీద పడుద్ది. స్క్రీన్ కింద ఉన్న ఫొటోలకి లేజీ లోడింగ్ (మనిషి కిందకి జరిపినప్పుడే లోడయ్యే పద్ధతి) పెట్టండి, పైన మొదట కనిపించే ఫొటోకి మాత్రం పెట్టొద్దు, దాన్ని ఆలస్యం చేస్తే పేజీ అంతా ఆలస్యమైనట్టే. వర్డ్‌ప్రెస్ ఇవి చాలావరకు తనే చేస్తుంది, కానీ కొన్ని స్పీడ్ ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) అత్యుత్సాహంతో పై ఫొటోకి కూడా లేజీ తగిలిస్తాయి.

7. పేరు, ఆల్ట్ టెక్స్ట్, పోస్టర్ల గొడవ

ఫైల్ పేరు కెమెరా ఇచ్చిన నంబర్‌తో వదిలెయ్యకుండా ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో, మంగళగిరి హైఫన్ కాటన్ హైఫన్ గ్రీన్ అన్నట్టు పెట్టండి. ఆల్ట్ టెక్స్ట్ అంటే ఫొటో కనపడనివాళ్ళకి అందులో ఏముందో చెప్పే లైను, టాక్‌బ్యాక్ చదివేది అదే, గూగుల్ ఇమేజెస్ చూసే వాటిల్లో అదొకటి. "చీర" అని రాస్తే ఏం ఉపయోగం లేదు. "మంగళగిరి చీర, కాటన్ చీర, బెస్ట్ చీర, తక్కువ ధర చీర" అని దంచినా అంతే. "చిలకాకుపచ్చ మంగళగిరి కాటన్ చీర, ఎర్ర నిజాం అంచు, పల్లూ విప్పి ఉంది", ఇలా ఫోన్లో చెల్లెలికి చెప్తున్నట్టు రాయండి.

ఇక పోస్టర్లు. "దసరా ఆఫర్ 20% తగ్గింపు, అక్టోబర్ దాకా" అని డిజైన్ చేయించి ఆ బొమ్మనే హోమ్ పేజీలో పెడతారు. దాన్ని టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ చదవలేదు, ఫోన్లో అక్షరాలు చిన్నవైపోతాయి, దానికోసం గూగుల్లో దొరుకుతామన్న ఆశా పెట్టుకోలేం, పండగైపోయాక మార్చాలంటే మళ్ళీ డిజైనర్ దగ్గరికెళ్ళాలి. బొమ్మ విడిగా, మాట విడిగా టైప్ చేసి పెట్టండి. చీర ధర, కోడ్, కొలత కూడా ఫొటో మీద రాయకండి, కింద రాయండి. వాటర్‌మార్క్ పెట్టుకోవాలంటే మూలన చిన్నగా, అంచు మీద పడకుండా.

8. వీడియో

చీరకి వీడియో బాగా పనికొస్తుంది, గుడ్డ జారే తీరు ఫొటోలో రాదు. 20, 30 సెకన్లు చాలు. ఫైల్ని హోస్టింగ్‌లోకి ఎక్కించకుండా యూట్యూబ్‌లో పెట్టి పేజీలో అతికించండి. అయితే యూట్యూబ్ ప్లేయర్ కూడా తేలికేం కాదు, పేజీ తెరవగానే బోలెడు స్క్రిప్టులు లాగుద్ది. అందుకని మొదట ఒక బొమ్మ, దాని మీద ప్లే గుర్తు మాత్రమే కనపడి, నొక్కాకే ప్లేయర్ లోడయ్యే పద్ధతి పెట్టండి, దీనికి ప్లగిన్లున్నాయి.

శబ్దంతో వాటంతటవే మోగే వీడియోలు వద్దు, బ్రౌజర్లు ఎలాగూ చాలావరకు ఆపేస్తాయి, ఆఫీసులో దొంగచాటుగా చీరలు చూస్కునేవాళ్ళని బజారుకెక్కించకండి. వెనక సినిమా పాట పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. మాట్లాడుతూ తీసిన వీడియో అయితే కింద తెలుగులో క్యాప్షన్లు వెయ్యండి, సౌండ్ లేకుండా చూసేవాళ్ళు చాలామంది.

9. గూగుల్లో కనపడటం

ప్రతి పేజీకి టైటిల్ వేరేగా ఉండాలి. "హోమ్", "ప్రొడక్ట్ 17" కాదు, "చిలకాకుపచ్చ మంగళగిరి కాటన్ చీర, 80 కౌంట్, నిజాం అంచు" అని, షాపు పేరు చివర్లో (80 కౌంట్ అంటే నూలు సన్నదనం లెక్క). ముఖ్యమైన మాట ముందుండాలి, పొడుగైతే గూగుల్ చివర కత్తిరించేస్తుంది. కింద రెండు లైన్ల మెటా డిస్క్రిప్షన్ ర్యాంకుకి పనికిరాదు గానీ చూసిన మనిషి నొక్కడానికి పనికొస్తుంది. మెటా కీవర్డ్స్ అని ఇంకో డబ్బా ఉంటది, దాన్ని ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, ఇప్పటికీ దానికి డబ్బులు తీసుకునేవాళ్ళున్నారు.

జనం ఎలా వెతుకుతారో చూడండి. ఎక్కువమంది ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు, కొందరు మైక్ నొక్కి తెలుగులో అడుగుతారు. రెండూ ఒకే పేజీలో కిచిడీ చెయ్యకుండా తెలుగు పేజీ ఒకటి, ఇంగ్లీష్ పేజీ ఒకటి పెట్టి, ఇది దాని తెలుగు రూపం అని గూగుల్‌కి చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే కోడ్‌తో కలపండి. అంత ఓపిక లేకపోతే ఇంగ్లీష్ టైటిల్, లోపల వివరం తెలుగులో పెట్టుకున్నా కొంపేం మునగదు. గూగుల్లో రెండు మాటలు కొట్టి ఆగితే కింద వచ్చే సలహాలే మీకు ఫ్రీ కీవర్డ్ టూల్.

పేజీ అడ్రస్ మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు అడ్రస్ కాపీ చేస్తే శాతం గుర్తులతో విచ్చిపోద్ది, "చీర" అన్న చిన్న మాటే 27 అక్షరాల చాంతాడవుద్ది. వాట్సాప్‌లో అది చూసి ఏదో వైరస్ లింక్ అనుకుంటారు. వాట్సాప్ అన్నాం కాబట్టి, లింక్ పంపితే పైన వచ్చే బొమ్మ ఓపెన్ గ్రాఫ్ ఇమేజ్, దాన్ని 1200 బై 630లో తేలిగ్గా చేసి పెట్టండి, బరువెక్కువైతే బొమ్మ రాదు.

చీర పేజీలో రాత ఎక్కడినుంచో ఎత్తుకొచ్చింది కాకుండా మీదై ఉండాలి. ఎన్ని మీటర్లు, బ్లౌజ్ కలిపా విడిగానా, ఏ నూలు, మొదటిసారి ఎలా ఉతకాలి, రంగు ఫొటో కంటే ముదురా లేతా, ఎవరికి నప్పుద్ది. మొదట రాస్కున్న ప్రశ్నల కాయితం ఇక్కడ బయటికి తియ్యండి. ప్రొడక్ట్ స్కీమా (చీర వివరాల్ని గూగుల్‌కి అర్థమయ్యేలా చెప్పే కోడ్) పెడితే ధర, స్టాక్ ఉందా లేదా గూగుల్ ఫలితాల్లోనే కనపడే వీలుంటది, వూకామర్స్ చాలావరకు తనే పెడుతుంది.

చీర అయిపోతే పేజీ పీకెయ్యొద్దు. మళ్ళీ నేయిస్తారంటే "ప్రస్తుతం లేదు, వచ్చాక చెప్తాం" అని వాట్సాప్ బటన్ ఉంచండి. ఇక రాదంటే దగ్గరగా ఉన్న ఇంకో చీర పేజీకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) ఇవ్వండి.

ఇవయ్యాక గూగుల్ వాళ్ళ ఫ్రీ టూల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ని మీదని నిరూపించుకుని సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా ఫైలు) ఇవ్వండి. అంతకంటే ముందు వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్, రీడింగ్‌లో సెర్చ్ ఇంజన్లని రావొద్దనే టిక్కు ఉంటది, సైట్ కడుతున్నప్పుడు పెట్టి తర్వాత మర్చిపోతారు, అది తీసేశారో లేదో చూడండి. షాపుకి అడ్రస్ ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టండి, పేరు, నంబర్, అడ్రస్ సైట్లో ఎలా ఉందో అక్కడా అలాగే. వారంలో నంబర్ వన్ చేస్తాం అని ఫోన్ చేసేవాళ్ళకి డబ్బులివ్వకండి, వాళ్ళు కొనే లింకులతో ఉన్నదీ పోద్ది.

10. పరీక్ష

పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రస్ కొట్టి మొబైల్ అంకెలు చూడండి. ఎల్‌సీపీ 2.5 సెకన్ల లోపు, ఐఎన్‌పీ 200 మిల్లీసెకన్ల లోపు, సీఎల్‌ఎస్ 0.1 లోపు ఉంటే సరిపోద్ది. మొదటిది పెద్ద ఫొటో ఎంత త్వరగా వచ్చిందని, రెండోది నొక్కితే ఎంత త్వరగా స్పందించిందని, మూడోది పేజీ ఎంత జారిందని. వందకి వంద కోసం వారాలు తగలెయ్యొద్దు.

తర్వాత అసలు పరీక్ష. వైఫై ఆపి, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్ తీసుకుని పిన్నికో అత్తకో ఇవ్వండి. "పిన్నీ, ఇందులో 1500 లోపు ఆకుపచ్చ చీర ఒకటి ఆర్డర్ పెట్టు" అని చెప్పి నోరు మూసుకుని పక్కన కూర్చోండి. ఆవిడ ఎక్కడ ఆగిందో, ఏది నొక్కబోయి ఏది నొక్కిందో రాస్కోండి, మధ్యలో "అది కాదు పిన్నీ, పైన" అన్నారంటే పరీక్ష పాడైనట్టే.

ఓ నెల ఆగి సెర్చ్ కన్సోల్ తెరవండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనపడిందన్న లెక్క) ఎక్కువ, క్లిక్కులు తక్కువ ఉన్న మాటలేంటో చూసి ఆ పేజీల టైటిల్, డిస్క్రిప్షన్ మార్చండి. మీ దగ్గర ఉన్న చీరనే జనం వేరే పేరుతో వెతుకుతున్నట్టు కనపడితే ఆ పేరు కూడా పేజీలోకి తెచ్చుకుని, ఆ మార్పు ఏ తేదీన చేశారో రాసిపెట్టుకోండి, వచ్చే నెల పోల్చుకోవడానికి.